ఓర్పు వేరు, మౌనం వేరు



ఒక సినీనటిని గురించి సంఘ పత్రికలో వ్రాయవలసిన దినము వస్తుందని మేము ఎన్నడూ అనుకోలేదు. మా సంఘస్థులు ఇది చూసి ఆశ్చర్యపడతారు. పరిచర్యకు వచ్చిన మొదటి సంవత్సరాలలో సినిమాలకు వ్యతిరేకంగా మేము చేసినన్ని ప్రసంగాలు అప్పులకు, తాగుడుకు వ్యతిరేకంగా కూడా చేయలేదు. అటువంటి మేము ఇప్పుడు ఇది వ్రాయడానికి ఒక కారణం ఉన్నది. చివరి వరకు చదివిన తర్వాతే తీర్పు తీర్చండి.

ఆ నటి విజయశాంతి గారు. మా సంగారెడ్డి, పటాన్‌చెరు పల్లెలలో ఆమెను ఆ పేరుతో పిలిచేవారు తక్కువ. రాములమ్మ అంటేనే ఎవరికైనా తెలుస్తుంది. ఆమె జీవితం కొంత, మా జీవితం కొంత కలిపి చెబితే గాని మేము నేర్చుకున్న పాఠం మీకు అర్థం కాదు.

మాకు పదకొండేళ్లప్పటి మాట. 1991 ఎండాకాలం. సంగారెడ్డికి దగ్గరలోని మా ఊరిలో ఎవరింట పెళ్లి జరిగినా పట్నం నుండి కలర్ టీవీ, వీసీఆర్ అద్దెకు తెచ్చి రాత్రంతా సినిమాలు వేసేవారు. మా నాన్నగారు రామచంద్రాపురం వైపు ఒక కర్మాగారంలో హమాలీ పనిచేసేవారు. ఆదివారం మాత్రం సంఘపెద్ద. మా ఇంట సినిమా పేరెత్తడమే పాపము. ఆ రాత్రి పక్కింటి పెళ్లిలో 'కర్తవ్యం' వేశారు. మేము గోడెక్కి చూశాము. ఖాకీ దుస్తులు తొడుక్కున్న ఒక స్త్రీ జీపులో నుండి దిగడం, మగవారు ఆమెకు సెల్యూట్ కొట్టడం మేము అంతవరకు చూడలేదు. మా ఊరికి పోలీసు జీపు వస్తే మగవాళ్లే ఇళ్లలో దాక్కునేవారు.

ఇంటికి వచ్చేసరికి నాన్నగారు చింతబరికెతో వాకిట్లో నిలబడి ఉన్నారు. దెబ్బలు తిని పడుకున్నాము. నాన్నగారికి నిద్రపట్టిన తర్వాత అమ్మ వచ్చి, వాతల మీద కొబ్బరినూనె రాస్తూ, ఎవరికీ వినబడకుండా ఒక్క మాట అడిగింది.

"ఆఖరికి ఆమెనే గెలిచిందా బిడ్డా?"

మేము జవాబు చెప్పలేదు. ఏడుస్తూ నిద్రపోయాము. ఆ మాటను మేము మరచిపోయాము గాని, అది మమ్మల్ని మరచిపోలేదు.

విజయశాంతి గారు 1966లో పుట్టి మద్రాసులో పెరిగారు. కుటుంబపు మూలాలు నేటి ములుగు జిల్లా ఏటూరునాగారం ప్రాంతంలో ఉన్నాయి. అసలు పేరు శాంతి. పినతల్లి విజయలలిత గారు అప్పటికే పేరున్న నటి. 1970లో వచ్చిన 'రౌడీ రాణి'లో గుర్రమెక్కి తుపాకి పట్టిన కథానాయిక ఆమే. ఆ పినతల్లి పేరులోని విజయ ముందు చేరి శాంతి విజయశాంతి అయింది. 1980లో 'కల్లుక్కుళ్ ఈరం' అనే తమిళ చిత్రంతోను, అదే సంవత్సరం తెలుగులో 'కిలాడి కృష్ణుడు'తోను చిత్రరంగంలో అడుగుపెట్టారు. అప్పటికి ఆమె పధ్నాలుగేళ్ల పిల్ల. మన ఇళ్లలో ఆ వయసు పిల్లలు ఎనిమిదో తరగతో, తొమ్మిదో తరగతో చదువుతుంటారు. ఆ వయసు నుండే పగలూ రాత్రీ దీపాల వేడిలో నిలబడి ఇంటికి సంపాదించి పెట్టడం సులువైన సంగతి కాదు. సినిమావాళ్ల జీవితం పూలపాన్పు అనుకునే మనకు ఈ సంగతి తెలియదు.

తొలి సంవత్సరాలలో ఆమెకు దొరికినవి చాలావరకు పాటలలో కనబడి పోయే వేషాలే. దర్శకులు టి. కృష్ణ గారు 1983లో 'నేటి భారతం'లోను, 1985లో 'ప్రతిఘటన'లోను ఆమెకు వేరే దారి చూపించారు. 'ప్రతిఘటన'లో ఆమె ఝాన్సీ అనే అధ్యాపకురాలు. కళ్లెదుట జరిగిన హత్యకు సాక్ష్యం చెప్పడానికి ముందుకు వస్తుంది. అందుకు ప్రతిఫలంగా నడివీధిలో అవమానం పొందుతుంది. చూసినవారు చాలామంది, మాట్లాడినవారు లేరు. ఆ పాత్రకు రాష్ట్ర ప్రభుత్వం వారి నంది పురస్కారం వచ్చింది. ఆ తర్వాత 1990లో వచ్చిన 'కర్తవ్యం'లో వైజయంతి అనే పోలీసు అధికారిణి పాత్రకు జాతీయ ఉత్తమ నటి పురస్కారం లభించింది. అంతవరకు నాయకుడి ప్రక్కన నిలబడేది నాయిక. ఆ చిత్రం తర్వాత ఆమె ఒక్క పేరు మీదనే జనం థియేటర్లకు వచ్చారు. హిందీలో అదే కథను 'తేజస్విని'గా తీసినప్పుడు కూడా ఆమే నటించారు.

ఇక 1997. మేము సంగారెడ్డిలో ఇంటర్మీడియట్ చదువుతున్నాము. దాసరి నారాయణరావు గారి 'ఒసేయ్ రాములమ్మ' ఆ సంవత్సరం మార్చి నెలలో వచ్చింది. దొర గడీలో నలిగిపోయిన ఒక పేదింటి ఆడబిడ్డ తిరగబడే కథ. మా ఊరి స్త్రీలు ట్రాక్టరు మాట్లాడుకొని మరీ సంగారెడ్డికి పోయి చూసి వచ్చారు. ట్రాక్టరు తొట్టిలో ఇసుకపోస్తే రాలనంత జనం. సంఘపెద్ద భార్య గనుక మా అమ్మ ఎక్కలేదు. వాకిట్లో నిలబడి ట్రాక్టరు మలుపు తిరిగేవరకు చూసి లోపలికి వెళ్లింది.

పేరు గురించి ఒక్క మాట చెప్పాలి. ఒసేయ్ అనేది మా జిల్లాలో ఏనాడూ ప్రేమ మాట కాదు. కూలికి పోయిన ఆడమనిషిని గట్టు మీద నుండి పిలిచే పిలుపు అది. మా నాయనమ్మకు సొంత పేరు ఒకటి ఉండేదని మాకు తెలిసింది ఆమె సమాధి మీద రాయించేటప్పుడే. ఆ తిట్టునే ఒక సినిమాకు పేరుగా పెట్టి, గోడల మీద అంతంత అక్షరాలతో వ్రాస్తే, తిట్లు తిన్నవారే దానిని గర్వంగా పలికారు. మరునాడు కూలికి పోయిన చోట మా ఊరి స్త్రీలు ఒకరినొకరు రాములమ్మా అని పిలుచుకొని నవ్వుకున్నారట. ఆ నవ్వులో ఏమున్నదో అప్పుడు మాకు తెలియదు.

వేదాంత విద్యలో డిప్లొమా ముగించుకొని 2005లో పటాన్‌చెరు దగ్గర సంఘ పరిచర్యకు వచ్చాము. ఈ ప్రాంతం ఎరిగినవారికి చెప్పనక్కరలేదు. పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం పారిశ్రామికవాడలలో మందుల కంపెనీలు, రసాయనాల కంపెనీలు వందలకొలది ఉన్నాయి. తెల్లవారుజామున షిఫ్టు బస్సుల కోసం టిఫిన్ డబ్బా చేతపట్టుకొని నిలబడే స్త్రీలలో మా సంఘస్థులు చాలామంది. మేమో, పడుచు పాస్టరుము. కూడికలలో సినిమాలను, టీవీలను ఖండించేవారము. భార్యల ఓర్పు గురించి గంటసేపు మాట్లాడేవారము. భర్తల చేతుల గురించి మాట్లాడినట్టు జ్ఞాపకం లేదు.

ఆ రోజుల్లో ఒక సహోదరి మా దగ్గరకు వచ్చింది. ఒక మందుల కంపెనీలో ప్యాకింగు పని చేసేది. ఇద్దరు ఆడపిల్లలు. భర్త ఆటో నడిపేవాడు, ఆదివారం వెనుక వరుసలో కూర్చునేవాడు, మిగిలిన ఆరు దినాలూ తాగేవాడు. మొదటిసారి ఆమె కంటి కింద నల్లగా కమిలి ఉన్నది. ప్రార్థన చేసి పంపించాము. రెండవసారి వచ్చినప్పుడు, ఓర్పుతో ఉండమ్మా, నీ ఓర్పు చూసి అతడే మారతాడు అని చెప్పాము. ఆ మాట చెప్పి మేము ఆ రాత్రి సుఖంగా నిద్రపోయాము. ఆమె నిద్రపోయిందో లేదో మాకు తెలియదు.

2009 ఏప్రిల్‌లో ఎన్నికలు వచ్చాయి. అప్పటికి విజయశాంతి గారు రాజకీయాలలోకి వచ్చి పదేళ్లు దాటింది. మొదట భారతీయ జనతా పార్టీలో ఉన్నారు. 2005లో తల్లి తెలంగాణ అనే సొంత పార్టీ పెట్టారు. తర్వాత దానిని తెలంగాణ రాష్ట్ర సమితిలో కలిపివేసి, ఆ ఎన్నికలలో మెదక్ లోక్‌సభ స్థానానికి నిలబడ్డారు. సంగారెడ్డి, పటాన్‌చెరు రెండూ ఆ నియోజకవర్గంలోనివే. ఒకప్పుడు ఇందిరాగాంధీ గారు గెలిచిన స్థానం అది.

ఒక సాయంకాలం షిఫ్టు విడిచే వేళకు ప్రచారపు వాహనాలు మా వీధి మొదట్లో నుండి వెళ్లాయి. స్త్రీలందరూ రోడ్డు మీదికి పరుగెత్తారు. రాములమ్మా, రాములమ్మా అని ఒకటే కేక. మేము ఒక సంఘస్థుని ఇంటికి ప్రార్థనకు వెళుతూ దారి దొరకక ఆగిపోయాము. ఆ గుంపులో ముందు వరుసలో మా సహోదరి ఉన్నది. కుడిచేతికి మోచేతి వరకు సిమెంటు కట్టు. ఆ కట్టు చేతినే పైకెత్తి ఊపుతూ కేకలు వేస్తున్నది. మాకు చాలా కోపం వచ్చింది. మా సంఘపు స్త్రీ సినిమా మనిషిని చూసి నడివీధిలో కేకలు వేయడమా!

ఆదివారం ఆరాధన ముగిసిన తర్వాత ఆమెను పిలిచి, "నీవు ఆ రోజు రోడ్డు మీద చెయ్యెత్తి అరవడం సాక్ష్యము గల స్త్రీకి తగునా అమ్మా?" అని గద్దించాము.

ఆమె తలవంచుకోలేదు. నెమ్మదిగానే మాట్లాడింది. ఆ మాటలు ఇంతవరకు మాకు అక్షరం పొల్లుపోకుండా జ్ఞాపకం ఉన్నాయి.

"అయ్యగారూ, నా చెయ్యి ఇరిగి పది దినాలాయె. చెయ్యి ఎట్ల ఇరిగిందని మీరు అడుగలే. చెయ్యి ఎందుకు ఎత్తినవని అడుగుతున్నరు. ఆమె వచ్చి నన్ను ఓటు అడిగింది. మీరు నన్ను ఓర్పు అడిగిండ్రు. నీకేమైంది బిడ్డా అని మాత్రం ఎవ్వలు అడుగలే."

మాకు నోట మాట రాలేదు. డిప్లొమాలో చదివిన పాఠాలలో ఏదీ ఆ క్షణములో మాకు పనికిరాలేదు. ఇంటికి వెళ్లి మా ఇల్లాలితో చెబితే, ఆమె పొయ్యి దగ్గర నుండి లేవకుండానే, "ఆమె రెండేళ్ల నుండి నాతో చెప్పుకొని ఏడుస్తూనే ఉంది. మీతో చెబితే మళ్లీ ఓర్పు మీద ప్రసంగం చేస్తారని చెప్పలేదు" అన్నది. ఆ రోజు మేము భోజనం చేయలేదు. ఉపవాసం అని చెప్పలేము. అది సిగ్గు.

ఆ రాత్రి మాకు ప్రభువు చెప్పిన ఉపమానములోని విధవరాలు గుర్తుకు వచ్చింది. న్యాయం తీర్చని న్యాయాధిపతి దగ్గరకు మాటిమాటికీ వెళ్లి విసిగించిన స్త్రీ ఆమె. దానిని మేము ప్రార్థన గురించి ఎన్నోసార్లు బోధించాము. ఆమె అడిగినది న్యాయమని, తన గడప దాటి వెళ్లి అడిగినదని ఒక్కసారి కూడా ఆలోచించలేదు. ఆమెకు ఓర్పు లేదని ఎవరనగలరు? కాని ఆమె మౌనంగా లేదు. ఓర్పు వేరు, మౌనం వేరు. ఈ రెండింటినీ కలిపివేసి మేము మా సహోదరులకు వీలుగా, సహోదరీలకు బరువుగా బోధించినాము.

మరునాడు మేము, మా ఇల్లాలు, సంఘములో పెద్దవయసు స్త్రీ ఒకామె కలిసి ఆ సహోదరి వెంట వెళ్లాము. మొదట పోలీసు స్టేషన్‌కు, తర్వాత గృహహింస చట్టము క్రింద ఉన్న రక్షణాధికారి దగ్గరకు. ఆ చట్టము 2005లోనే వచ్చి, 2006 అక్టోబరు నుండి అమలులో ఉన్నది. కొట్టడం ఒక్కటే కాదు, తిట్టి హింసించడం, కూలి డబ్బులు లాక్కోవడం, ఇంటి నుండి గెంటివేయడం కూడా ఆ చట్టము ప్రకారం హింసే. బాధితురాలిని ఇంట్లో నుండి వెళ్లగొట్టకూడదని, భర్త ఆమె జోలికి రాకూడదని న్యాయస్థానం ఆజ్ఞ ఇవ్వగలదు. ఇవన్నీ మేము ఆ బల్లల మీద కూర్చున్న రోజులలో నేర్చుకున్నాము. మా సంఘములో ఇది ఎవరికీ తెలియదు. మాకే తెలియనప్పుడు వారికి ఎలా తెలుస్తుంది?

సినిమాలోవలె మూడు గంటలలో ఏదీ తేలలేదు. రెండు కుటుంబాలు మేము కాపురం కూల్చామని సంఘము విడిచి వెళ్లాయి. ఆ భర్త మారలేదు. ఊరు విడిచి వెళ్లిపోయాడు. ఆ సహోదరి అదే కంపెనీలో పదిహేనేళ్లు పనిచేసి పిల్లలను చదివించింది. పెద్దపిల్ల నేడు ఒక మందుల కంపెనీ ల్యాబులో పనిచేస్తున్నది. ఆ కుడిచెయ్యి మాత్రం వానాకాలం వస్తే నేటికీ నొప్పి పెడుతుందట.

విజయశాంతి గారు 2009లో స్వల్ప ఆధిక్యంతో గెలిచి, 2014 వరకు మెదక్ పార్లమెంటు సభ్యురాలిగా ఉన్నారు. 2014లో కాంగ్రెస్ అభ్యర్థిగా మెదక్ శాసనసభ స్థానానికి నిలబడి ఓడిపోయారు. ఆ తర్వాత మరల భారతీయ జనతా పార్టీలోకి, మరల కాంగ్రెస్‌లోకి వెళ్లారు. 2025లో శాసనమండలి సభ్యురాలయ్యారు. ఆమె రాజకీయాలను మెచ్చుకోవడమో, తప్పు పట్టడమో మా పని కాదు. మా సంఘములోనే ఆమెకు వేసినవారు, వేయనివారు ఇద్దరూ ఉన్నారు. మేము చూసినది వేరు. తెర మీద ఆమెకు ఓటమి లేదు. జీవితంలో అందరివలెనే గెలుపూ ఓటమీ రెండూ ఉన్నాయి. 2006లో 'నాయుడమ్మ' తర్వాత పదమూడేళ్లకు పైగా ఆమె ముఖం కొత్త సినిమాలో కనబడలేదు. నాయిక వయసు దాటిన స్త్రీకి మన చిత్రరంగంలో మిగిలేది తల్లి వేషమో, అత్త వేషమో. అటువంటిది 2020 సంక్రాంతికి 'సరిలేరు నీకెవ్వరు'లో ప్రొఫెసరు పాత్రతో తిరిగి వచ్చి, తలవంచకుండా నిలబడ్డారు.

సినిమా నాయికను నమూనాగా తీసుకోమని మేము చెప్పడం లేదు. 'ప్రతిఘటన'లో ఝాన్సీ చివరికి గొడ్డలి ఎత్తుతుంది. రాములమ్మ తుపాకి పట్టి అడవికి పోతుంది. అది మన మార్గము కాదు. అయితే మా సహోదరి ఆ చిత్రాలలో నుండి గొడ్డలి తెచ్చుకోలేదు, తుపాకీ తెచ్చుకోలేదు. గొంతు తెచ్చుకుంది. ఝాన్సీ కథ గొడ్డలితో ముగియవచ్చును గాని, అది మొదలైనది సాక్ష్యముతో. మన సంఘములలో సాక్ష్యము అంటే జ్వరం తగ్గిందనో, ఉద్యోగం దొరికిందనో లేచి చెప్పడమే. నా చెయ్యి ఇతడు విరిచాడు అని లేచి చెప్పడం కూడా సాక్ష్యమేనని మాకు ఆ ప్యాకింగు పని చేసే సహోదరి నేర్పింది.

చివరగా మా ఇంటి సంగతి. 2025 ఏప్రిల్‌లో విజయశాంతి గారి కొత్త చిత్రం 'అర్జున్ సన్నాఫ్ వైజయంతి' వచ్చింది. ముప్పై ఐదేళ్ల తర్వాత అదే పేరు, అదే ఖాకీ. మా అమ్మాయి తన ఫోనులో ఆ చిత్రపు ప్రకటన చూస్తుండగా, మంచం మీద ఉన్న మా అమ్మ లేచి కూర్చున్నది. అమ్మకు డెబ్బై దాటాయి. చూపు మందగించింది. ఫోను దగ్గరగా పెట్టుకొని చాలాసేపు చూసి, "ఈమెనే గదా, ఆనాడు పెండ్లి కాడ నువ్వు గోడెక్కి చూసింది?" అన్నది.

మాకు 1991 నాటి ఆ రాత్రి, ఆ కొబ్బరినూనె వాసన ఒక్కసారి తిరిగి వచ్చాయి. ఆమె అప్పుడు ఆ మాట ఎందుకు అడిగిందో నలభై అయిదేళ్ల వయసులో గాని మాకు తట్టలేదు. మా ఇంట్లో చింతబరికె దెబ్బలు తిన్నది మేము ఒక్కరమే కాదు. నాన్నగారు ప్రభువునందు నిద్రించి పన్నెండేళ్లు అయింది. ఆయన మంచితనము మాకు తెలుసు, ఆయన ప్రార్థనల మీదనే మేము పాస్టరు అయ్యాము. అయినా ఇది కూడా నిజమే గనుక వ్రాస్తున్నాము.

అమ్మ చేయి పట్టుకొని, "గెలిచిందమ్మా, ఆఖరికి ఆమెనే గెలిచింది" అని చెప్పాము. అమ్మ తల ఊపి, ఫోను మా అమ్మాయికి ఇచ్చి, మరల పడుకున్నది.

ప్రియ సహోదరీ, నీ మీద చెయ్యి పడుతున్నట్లయితే నీవు ఒంటరివి కావు. 181 అనే మహిళా సహాయ నంబరుకు ఏ వేళనైనా ఫోను చేయవచ్చు. ప్రియ సహోదరుడా, నీ చెయ్యి నీ భార్య మీద లేస్తున్నట్లయితే, ఆదివారం అదే చేతిని ప్రార్థనలో ఎత్తే ముందు ఒక్కసారి దానివైపు చూసుకో. తోటి సేవకులారా, ఎవరైనా స్త్రీ కట్టు కట్టిన చెయ్యితో మీ గడప ఎక్కితే, బోధ తర్వాత చేయవచ్చు. ముందు ఆ చెయ్యి సంగతి అడగండి.